ఓక్లాండ్ వదిలిన అథ్లెటిక్స్: ఆ తొమ్మిది టైటిళ్లు ఎవరివి?

ఫ్రీమాంట్_రవి
అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు 2024 సెప్టెంబరు 26న ఓక్లాండ్ కొలీజియంలో ఆఖరి ఆట ఆడి, టెక్సస్ రేంజర్స్‌పై 3-2తో గెలిచి, 57 సీజన్ల తరువాత ఆ ఊరు వదిలిపెట్టింది. 2025 నుంచి వెస్ట్ శాక్రమెంటోలోని ఒక చిన్న మైదానంలో ఆడుతూ, 2028 నాటికి లాస్ వేగాస్ చేరాలని చూస్తున్నది. ఈ నడిమి కాలంలో తన పేరు ముందు ఏ ఊరి పేరూ పెట్టుకోలేదు. రికార్డు పుస్తకాలు మాత్రం తొమ్మిది వరల్డ్ సిరీస్ (ఏటా ఛాంపియన్‌ను తేల్చే ఆఖరి పోటీ) టైటిళ్లను ఆ జట్టు ఖాతాలోనే చూపిస్తున్నాయి. వాటిలో నాలుగు, అంటే 1972, 1973, 1974, 1989 సంవత్సరాలవి, ఓక్లాండ్‌లో ఉండగా గెలిచినవి. యజమాని ఆటగాళ్లను తీసుకుపోవచ్చు, పేరును తీసుకుపోవచ్చు; ఊరి జ్ఞాపకాన్ని కూడా మూట కట్టుకుపోవడం ఎక్కడి న్యాయం? జట్టు పాత చరిత్ర తెలిసినవారు దయచేసి రాయగలరు.

ఆదోని_అనిల్
తొమ్మిదిలో నాలుగు పోతే మిగిలిన అయిదు ఎక్కడివి రవి గారూ? అవి ఫిలడెల్ఫియావి. ఓక్లాండ్ ఇన్నేళ్లూ ఆ అయిదింటినీ కలుపుకునే తొమ్మిది అని చెప్పుకుంది. రేపు వేగాస్ చేసేది కూడా అదే కదా?

ఫిల్లీ_శేషు
అనిల్ గారు అడిగింది సరైన ప్రశ్న. ఆ అయిదింటి వెనుక ఉన్న కథ ఇక్కడ ఫిలడెల్ఫియాలోనే సగం మందికి తెలియదు కనుక కొంచెం విపులంగా రాస్తున్నాను.

1901లో అమెరికన్ లీగ్ మొదలైనప్పుడు పుట్టిన జట్లలో ఇది ఒకటి. కోనీ మాక్ అనే ఆయన ఆ ఏడాది నుంచి 1950 దాకా, వరుసగా యాభై సీజన్లు దీనికి మేనేజరుగా, అంటే ఆటగాళ్లను నడిపే కోచ్‌గా ఉన్నారు; యాజమాన్యంలో వాటాదారు కూడా. ఆయన యూనిఫాం వేసుకోలేదు; సూటు, టై ధరించి బెంచీ మీద కూర్చుని, చేతిలోని స్కోరు కార్డును అటూ ఇటూ ఊపుతూ ఫీల్డర్లను ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబెట్టేవారు. 1902లో న్యూయార్క్ జెయింట్స్ మేనేజరు జాన్ మెక్‌గ్రా ఈ జట్టును తెల్ల ఏనుగు అని ఎద్దేవా చేస్తే, మాక్ ఆ ఏనుగునే జట్టు గుర్తుగా స్వీకరించారు. ఓక్లాండ్ చొక్కా చేతి మీద మీరు చూసిన ఏనుగు అదే.

1910, 1911, 1913లో వరల్డ్ సిరీస్ గెలిచారు. 1914 సిరీస్‌లో బోస్టన్ బ్రేవ్స్ చేతిలో నాలుగుకు నాలుగు ఆటలూ ఓడారు. అప్పటికే ఫెడరల్ లీగ్ అనే పోటీ లీగ్ పుట్టుకొచ్చి జీతాలు పెంచేసింది. మాక్ ఆ జీతాలు ఇవ్వలేక, ఇవ్వదలచుకోక, జట్టును విడగొట్టారు. ఎడ్డీ కాలిన్స్‌ను 50,000 డాలర్లకు షికాగోకు అమ్మారు. రెండేళ్లు తిరగకముందే, 1916లో, ఆ జట్టు 36 ఆటలు గెలిచి 117 ఓడింది.

తరువాత మళ్లీ కట్టారు. జిమ్మీ ఫాక్స్, లెఫ్టీ గ్రోవ్, ఆల్ సిమన్స్, మికీ కాక్రేన్ ఉన్న 1929 జట్టు బేస్‌బాల్ చరిత్రలోని మహా జట్లలో ఒకటని నా దృఢమైన అభిప్రాయం. ఆ ఏడాది షికాగో కబ్స్‌తో జరిగిన సిరీస్ నాలుగో ఆటలో ఏడో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి 8-0తో వెనకబడి ఉండి, ఒక్క ఇన్నింగ్స్‌లో పది పరుగులు చేశారు. మ్యూల్ హాస్ కొట్టిన బంతి ఎండ కంట్లో పడిన హాక్ విల్సన్‌కు కనిపించలేదు. అది దొర్లుకుంటూ పోయి మైదానం లోపలి హోమ్ రన్ అయింది, అంటే కొట్టినవాడు ఒకే దెబ్బకు బేస్‌లన్నీ చుట్టి వచ్చాడు. 1929, 1930 టైటిళ్లు అలా వచ్చాయి. ఆర్థిక మాంద్యం రాగానే మాక్ ఆ నలుగురినీ ఒకరి తరువాత ఒకరిగా వదులుకున్నారు.

రెండు మహా జట్లను కట్టి, ఆ రెండింటినీ డబ్బుల్లేక విప్పిన మనిషి ఆయన. ఓక్లాండ్ కథలో మీరు ముందు ముందు చూసేదంతా ఇక్కడే మొదలైంది.

ఆదోని_అనిల్
అంటే జట్టును కట్టి అమ్ముకోవడం ఇప్పటి యజమాని కనిపెట్టిన పద్ధతి కాదన్నమాట.

ఫ్రీమాంట్_రవి
శేషు గారు, మాక్‌కు ఆ జట్టే జీవనాధారం. వేరే వ్యాపారం లేదు. నేటి యజమాని జాన్ ఫిషర్ గ్యాప్ దుస్తుల కంపెనీ స్థాపించిన కుటుంబానికి చెందినవారు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని నా మనవి.

కాన్సస్_కల్యాణి
ఫిలడెల్ఫియా గురించి రాశారు, ఓక్లాండ్ గురించి రాస్తారు, మధ్యలో పదమూడేళ్లు ఆ జట్టు మా ఊళ్లో ఉన్నదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. కాన్సస్ సిటీకి టైటిలు లేదు కాబట్టి దాని వాటా గురించి అడిగేవారూ లేరు.

1954 చివరలో మాక్ కుటుంబం నుంచి ఆర్నల్డ్ జాన్సన్ జట్టును కొని 1955లో ఇక్కడికి తెచ్చారు. ఆయన అప్పటికి న్యూయార్క్‌లోని యాన్కీ స్టేడియానికి యజమాని. ఆ తరువాత ఇక్కడ ఎదిగిన ఆటగాళ్లు చాలామంది ఆ స్టేడియంలో ఆడే యాన్కీస్ జట్టుకే వెళ్లారు. 1959 డిసెంబరులో పంపిన రోజర్ మారిస్ 1961లో అక్కడ 61 హోమ్ రన్లు కొట్టి బేబ్ రూత్ రికార్డును దాటారు. ఇక్కడి ప్రేక్షకులకు అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఆలోచించండి. పదమూడు సీజన్లలో ఒక్కదానిలోనూ గెలుపులు ఓటములను మించలేదు.

1960 చివరలో చార్లీ ఫిన్లీ కొన్నారు. ఓక్లాండ్ తనదనుకునే ఆకుపచ్చ, బంగారు రంగులు 1963లో ఇక్కడే మొదలయ్యాయి. 1965 సెప్టెంబరు 25న సాచెల్ పేజ్‌ను 59 ఏళ్ల వయసులో పిచింగ్‌కు, అంటే బంతి విసరడానికి దింపారు. జనాన్ని ఆకర్షించడానికి ఆయనకు ఊగుడు కుర్చీ వేసి, పక్కన ఒక నర్సును కూడా నిలబెట్టారు. అంత ఆర్భాటం చేసినా ఆయన మాత్రం ఆటను ఆటగానే ఆడారు: బోస్టన్‌పై మూడు ఇన్నింగ్స్ వేసి ఒక్క హిట్ మాత్రమే ఇచ్చారు. నల్లజాతి వారిని మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో ఇదే ఊళ్లో మోనార్క్స్ అనే నల్లజాతి వారి జట్టు తరఫున ఏళ్ల తరబడి ఆడిన మనిషి ఆయన. ఆ మూడు ఇన్నింగ్స్ మా ఊరివి. వాటిని ఏ టైటిలుతోనూ నేను మార్చుకోను.

హేవర్డ్_సూర్యం
కల్యాణి గారు, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఓక్లాండ్ వాళ్లు 1968లో మీ దగ్గర నుంచి వచ్చిన జట్టును పండుగలాగా తీసుకున్నారు. మీ వైపు నుంచి ఎవరూ ఆలోచించలేదు.

కాన్సస్_కల్యాణి
మాకు 1969లోనే రాయల్స్ జట్టు వచ్చింది సూర్యం గారూ, కనుక గాయం త్వరగానే మానింది. పైగా 2014 వైల్డ్ కార్డ్ ఆటలో, అంటే ఓడినవారు ఇంటికి పోయే ఒక్క ఆటలో, పన్నెండు ఇన్నింగ్స్ ఆడి 9-8తో మీ జట్టునే ఓడించాం. పాత లెక్క ఆ రాత్రితో సరిపోయిందని మా వీధిలో చెప్పుకుంటాం.

డేటా_దినేష్
ఆ ఆట గుర్తు చేయకుండా ఉండవలసింది.

హేవర్డ్_సూర్యం
ఫిన్లీ గురించి కొంత చెప్పాలి. నేను ఈ దేశం వచ్చేసరికి ఆయన కాలం ముగిసింది, కానీ నాతో పనిచేసిన పాతవాళ్లు మధ్యాహ్న భోజనం వేళ 1972 నుంచి 1974 దాకా గెలిచిన ఆ మూడేళ్ల గురించి తప్ప మరొకటి మాట్లాడేవారు కాదు.

1972లో రెజీ జాక్సన్ మీసం పెంచాడు. ఆ రోజుల్లో ఆటగాళ్లు నున్నగా గడ్డం గీసుకోవడమే రివాజు. ఫిన్లీ కాదనకపోగా, మీసం పెంచిన ప్రతి ఆటగాడికీ 300 డాలర్లు ఇస్తానన్నారు. రోలీ ఫింగర్స్ మెలితిప్పిన మీసం అలా వచ్చిందే. మన ఊళ్లలో మీసానికి ఉండే మర్యాదకు వెల కట్టడం నాకు వింతగా తోచింది గాని, ఆ జట్టు ఆ మీసాలతోనే ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో సిన్సినాటిని ఓడించింది.

అదే ఫిన్లీ 1973 సిరీస్ రెండో ఆటలో రెండు తప్పులు చేసిన మైక్ ఆండ్రూస్‌ను గాయపడ్డాడని చూపించి జట్టు నుంచి తప్పించబోయారు. తోటి ఆటగాళ్లు తిరగబడ్డారు. కమిషనర్ బౌవీ కూన్ అతన్ని తిరిగి చేర్చారు. న్యూయార్క్‌లో అతను బ్యాటింగ్‌కు దిగినప్పుడు ప్రత్యర్థి ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సిరీస్ గెలిచిన వెంటనే మేనేజరు డిక్ విలియమ్స్ రాజీనామా చేశారు. గెలిచిన మేనేజరు వెళ్లిపోయాడంటే ఆ యజమాని దగ్గర పని ఎలా ఉండేదో అర్థం చేసుకోవచ్చు.

1974 టైటిలు తరువాత, ఒప్పందం ప్రకారం క్యాట్‌ఫిష్ హంటర్ పేరున కట్టవలసిన యాన్యుటీ (తరువాతి కాలంలో విడతలుగా డబ్బు వచ్చే పథకం) సొమ్ము కట్టనందున, మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆ పిచర్‌ను ఒప్పందం నుంచి విముక్తుణ్ని చేశారు. హంటర్ యాన్కీస్‌కు వెళ్లారు. మిగిలినవాళ్లూ చెదిరిపోయారు. 1979లో జట్టు 108 ఆటలు ఓడింది. ఏడాది మొత్తానికి వచ్చిన ప్రేక్షకులు 306,763 మంది. ఏప్రిల్ 17న జరిగిన ఆటకు టికెట్ కొన్నవారు 653 మంది మాత్రమే.

ఆదోని_అనిల్
653 మందా? మా ఊళ్లో కబడ్డీ పోటీలకు అంతకన్నా ఎక్కువ మంది వస్తారు.

డేటా_దినేష్
ఓక్లాండ్ జనం ఆటకు రారన్న నింద అప్పటి నుంచే మొదలైంది. ఆ నింద నిజం కాదనడానికి 1990 చాలు. 1980లో లీవై స్ట్రాస్‌కు చెందిన హాస్ కుటుంబం జట్టును కొని, ఆటగాళ్ల మీద, మైదానం మీద, ఊరి మీద డబ్బు పెట్టింది. ఊరూ అదే. కొలీజియమూ అదే. పదకొండేళ్లలో ప్రేక్షకులు మూడు లక్షల నుంచి 29 లక్షలకు చేరారు. మారింది యజమాని ఒక్కరే.

హేవర్డ్_సూర్యం
దినేష్ గారి మాటకు నేను సాక్షిని. ఆ ఏళ్లలో జట్టుకు మూలస్తంభాలు ఇద్దరు ఓక్లాండ్ కుర్రాళ్లే: డేవ్ స్టూవర్ట్, రికీ హెండర్సన్. రికీ ఓక్లాండ్ టెక్ హైస్కూల్లో చదివినవాడు. మొదటి బేస్ మీద నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి, రెండు చేతుల వేళ్లను గాలిలో ఆడిస్తూ పిచర్ కాళ్ల వైపే చూసేవాడు. పిచర్ మడమ కదిలిందంటే రికీ అప్పటికే పరుగులో ఉండేవాడు. 1982లో 130 బేస్‌లు స్టీల్ చేశాడు, అంటే తోటివాడు బంతి కొట్టేదాకా ఆగకుండా తరువాతి బేస్‌కు పరుగెత్తి చేరాడు. ఆ రికార్డు నేటికీ ఉంది. 1991 మే 1న 939వ స్టీల్‌తో లూ బ్రాక్‌ను దాటినప్పుడు మూడో బేస్‌ను నేల నుంచి పెరికి తలపైకి ఎత్తి పట్టుకున్నాడు.

1989 సిరీస్ సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. బే వంతెనకు అటు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్, ఇటు మనం. అక్టోబరు 17న మూడో ఆట మొదలు కాబోతుండగా భూకంపం వచ్చింది. ఓక్లాండ్‌లో సైప్రస్ ఫ్రీవే కూలి 42 మంది పోయారు. ఆట పది రోజులు ఆగింది. చివరకు నాలుగుకు నాలుగూ గెలిచినా, గెలిచిన రాత్రి జట్టు షాంపేన్ తెరవలేదు. ఆ టైటిలును వేరొక ఊరి గోడ మీద 1989 అని అంకెగా రాస్తే అందులో ఏమి మిగులుతుంది?

శాన్‌హోసే_మూర్తి
హాస్ కుటుంబం మంచితనమే తరువాత జట్టు మెడకు చుట్టుకుందన్నది కూడా చెప్పాలి. 1990లో జెయింట్స్ శాన్ హోసే వైపు రావాలని ప్రయత్నించినప్పుడు, శాన్ హోసే ఉన్న శాంటా క్లారా కౌంటీ మీద హక్కును, అంటే అక్కడ జట్టు నడుపుకునే హక్కును, వారికి ఇవ్వడానికి వాల్టర్ హాస్ పైసా తీసుకోకుండా ఒప్పుకున్నారు. ఇక్కడి ఓటర్లు స్టేడియం ప్రతిపాదనలను తిరస్కరించారు. జెయింట్స్ శాన్ ఫ్రాన్సిస్కోలోనే ఉండిపోయారు. హక్కు మాత్రం వారి దగ్గరే మిగిలింది. ఆ తరువాత అథ్లెటిక్స్ మా ఊరు రావాలనుకుంటే జెయింట్స్ ససేమిరా అన్నారు.

2013లో శాన్ హోసే నగరం మేజర్ లీగ్ మీద దావా వేసింది. పోటీ నిరోధక చట్టాలు బేస్‌బాల్‌కు వర్తించవని 1922లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అడ్డు వచ్చి ఓడింది. 2015లో సుప్రీంకోర్టు వినడానికే నిరాకరించింది. ఆ 1922 కేసు వేసింది ఫెడరల్ లీగ్‌లోని బాల్టిమోర్ జట్టు. శేషు గారు చెప్పిన ఫెడరల్ లీగే అది. 1914 తరువాత కోనీ మాక్‌ను విడిచిపెట్టిన పిచర్ చీఫ్ బెండర్ వెళ్లి చేరింది కూడా సరిగ్గా ఆ బాల్టిమోర్ జట్టులోనే. మాక్ తొలి మహా జట్టును చీల్చిన పోటీ లీగ్ నుంచి పుట్టిన తీర్పు, వందేళ్ల తరువాత అదే జట్టు శాన్ హోసే రాకుండా ఆపింది. ఒక జట్టు గతం దాని భవిష్యత్తును ఇంత నేరుగా పట్టుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

ఫిల్లీ_శేషు
మూర్తి గారు, బెండర్ నుంచి శాన్ హోసే దాకా ఉన్న ఆ లంకె నాకు ఇప్పటిదాకా తట్టలేదు. చాలా విలువైన సంగతి.

ఫ్రీమాంట్_రవి
మా ఫ్రీమాంట్ పేరు కూడా ఇందులో ఉంది. 2006లో ఇక్కడ స్టేడియం కడతామని ప్రకటించారు. అప్పటికే ఇక్కడ తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. మా అపార్ట్‌మెంట్లలో పిల్లలు క్రికెట్ బ్యాటు పక్కన బేస్‌బాల్ గ్లవ్ కూడా కొనిపించుకున్నారు. 2009లో ఆ ఆలోచన విరమించుకున్నారు. తరువాత ఓక్లాండ్ రేవులోని హోవర్డ్ టెర్మినల్ అన్నారు. 2023 ఏప్రిల్‌లో, ఆ చర్చలు నడుస్తూ ఉండగానే, వేగాస్‌లో స్థలం కుదిరిందని చెప్పారు.

వేగాస్_లలిత
అందరూ వేగాస్‌ను దొంగలాగా చూస్తున్నారు కనుక నా మాట కూడా వినండి. ఈ ఊళ్లో ఇరవై లక్షలకు పైగా జనం ఉన్న పెద్ద ప్రాంతం ఉంది. అందరూ జూదగాళ్లు కారు. మా పిల్లలు ఐస్ హాకీ జట్టు గోల్డెన్ నైట్స్ 2017లో వచ్చాక ఒక జట్టును సొంతం చేసుకోవడమంటే ఏమిటో నేర్చుకున్నారు. అది కొత్తగా పుట్టిన జట్టు. ఎవరి దగ్గరా లాక్కున్నది కాదు. బేస్‌బాల్ కూడా అలాగే వచ్చి ఉంటే బాగుండేది. నెవాడా శాసనసభ 2023 జూన్‌లో స్టేడియానికి 38 కోట్ల డాలర్ల వరకు ప్రజాధనం ఇవ్వడానికి ఒప్పుకుంది. బడులకు డబ్బు చాలక ఇబ్బంది పడుతుంటే ఇదేమిటని ఇక్కడి ఉపాధ్యాయ సంఘం గట్టిగా వ్యతిరేకించింది. నేనూ వ్యతిరేకించాను. అయినా జట్టు వస్తే నా కొడుకు చూస్తాడు, ఇష్టపడతాడు. వాడిని తప్పుపట్టగలరా?

ఫ్రీమాంట్_రవి
మీ అబ్బాయిని ఎవరు తప్పుపడతారు లలిత గారూ? వాడు 2028 నుంచి చూసేదంతా వాడిదే. 1989 మాత్రం వాడిది కాదంటున్నాను.

హైదరాబాదీ_నవీన్
బేస్‌బాల్ నాకు అంతగా తెలియదు, కానీ ఈ ప్రశ్న హైదరాబాదు వాళ్లకు కొత్తది కాదు. 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ గెలిచింది. 2012లో ఆ ఫ్రాంచైజీని రద్దు చేశారు. 2013 నుంచి సన్‌రైజర్స్ వచ్చి 2016లో గెలిచింది. అధికారిక లెక్కలో సన్‌రైజర్స్‌కు 2009 చెందదు. మీ విషయంలో ఊరు మారినా టైటిలు జట్టు వెంట పోయింది. మా విషయంలో ఊరు అదే ఉన్నా టైటిలు గాలిలో వేలాడుతున్నది. మా ఇంట్లో మాత్రం హైదరాబాదు రెండుసార్లు గెలిచిందనే అంటాం.

డేటా_దినేష్
నవీన్ గారి ఉదాహరణ సరిగ్గా అతికింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దీనికి ఒక పరిష్కారం కూడా ఉన్నది. 1996లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ యజమాని జట్టును బాల్టిమోర్‌కు తరలించినప్పుడు, పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉండేలా ఒప్పందం జరిగింది. బాల్టిమోర్ జట్టు రేవెన్స్ అనే కొత్త పేరుతో సున్నా నుంచి మొదలుపెట్టింది. 1999లో క్లీవ్‌లాండ్‌కు కొత్త జట్టు వచ్చి పాత చరిత్రను కొనసాగించింది. ఓక్లాండ్‌కు అలాంటిది ఎవరూ ఇవ్వలేదు.

ఇంకొక మాట. ఈ జట్టు గురించి బయటి ప్రపంచానికి తెలిసింది 2002 ఒక్కటే. దాదాపు నాలుగు కోట్ల డాలర్ల జీతాల బడ్జెట్‌తో జనరల్ మేనేజరు బిల్లీ బీన్ కట్టిన జట్టు 103 ఆటలు గెలిచింది. అందులో ఇరవై వరుసగా. ఇరవయ్యో ఆటలో 11-0 ఆధిక్యాన్ని పోగొట్టుకుని 11-11కు వచ్చాక స్కాట్ హాటెబర్గ్ హోమ్ రన్ కొట్టి గెలిపించాడు. గణాంకాలతో చవకగా జట్టు కట్టవచ్చని అందరూ మెచ్చుకున్నారు. నేనూ ఆ గణాంకాలు చూసే ఈ వృత్తిలోకి వచ్చాను. కాని ఆ మెప్పు వల్ల జరిగిన నష్టం ఒకటుంది: తక్కువ ఖర్చు పెట్టడమే గొప్పతనమన్నట్టు యజమానులకు ఒక సాకు దొరికింది.

కాన్సస్_కల్యాణి
ఇరవయ్యో ఆటలో ఓడింది మా రాయల్సే. ఇది కూడా గుర్తు చేయకుండా ఉండవలసింది దినేష్ గారూ.

శాన్‌హోసే_మూర్తి
జనం రారన్న నింద గురించి దినేష్ గారు రాసినదానికి ఇంకొకటి చేరుస్తాను. 2023 జూన్ 13న అభిమానులు తిరగేసిన బహిష్కరణ జరిపారు. అంటే రాకుండా ఉండటం కాదు, అందరూ కలిసి రావడం. సాధారణ మంగళవారం రాత్రి, లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టు ఆటకు 27,759 మంది వచ్చారు. ఆకుపచ్చ చొక్కాల మీద తెల్ల అక్షరాలతో ఒకటే మాట: అమ్మేయండి. అయిదో ఇన్నింగ్స్ మొదట్లో మొత్తం మైదానం నిశ్శబ్దంగా ఉండి, తరువాత ఒక్కసారిగా అదే మాట అరిచారు. ఆ నవంబరులో లీగ్ యజమానులందరూ ఏకగ్రీవంగా తరలింపునకు ఓటు వేశారు.

ఆదోని_అనిల్
ఏకగ్రీవమా? ఒక్కరైనా కాదనలేదా?

శాన్‌హోసే_మూర్తి
ఒక్కరూ కాదనలేదు. రేపు తమకూ ఊరు మారవలసిన అవసరం వస్తే అడ్డు ఉండకూడదని అనుకుని ఉంటారన్నది నా అంచనా.

హేవర్డ్_సూర్యం
రికీ హెండర్సన్ 2024 డిసెంబరు 20న పోయాడు. కొలీజియంలో ఆఖరి ఆట జరిగి మూడు నెలలు కూడా కాలేదు. ఆ మైదానానికి 2017 నుంచి అతని పేరే ఉంది. అందుకే రవి గారి ప్రశ్నకు నా సమాధానం ఇది: రికార్డు పుస్తకాల్లో ఏమి రాసుకున్నా, విగ్రహాలు, పేర్లు, జెండాలు ఎక్కడ ఉంటాయన్నది ఊరి చేతిలో ఉన్న పని. దానికి యజమాని దయ కోసం ఎదురు చూడనక్కరలేదు. వెస్ట్ ఓక్లాండ్‌లో రైమాండీ పార్కును బాగు చేసుకుని 2024 నుంచి ఓక్లాండ్ బాలర్స్ అనే చిన్న లీగ్ జట్టు ఆడుతున్నది. అభిమానులే అందులో వాటాలు కొన్నారు. నేను వెళ్లాను. కొలీజియం గ్యాలరీలో డప్పులు వాయించిన ముఖాలు కొన్ని అక్కడ కనిపించాయి.

ఫిల్లీ_శేషు
సూర్యం గారు చెప్పిన పని ఇక్కడ జరిగింది. కోనీ మాక్ విగ్రహం ఇప్పుడు సిటిజెన్స్ బ్యాంక్ పార్క్ బయట, అంటే ఆయన ఎన్నడూ పనిచేయని ఫిలీస్ జట్టు మైదానం దగ్గర ఉంది. ఫిలీస్ వారికి ఆ అవసరం లేదు. అయినా ఊరి మనిషి అని నిలబెట్టుకున్నారు. అదే ఓక్లాండ్‌లో అథ్లెటిక్స్ శాశ్వతంగా విశ్రాంతినిచ్చిన జెర్సీ నంబర్లు చూడండి: జాక్సన్, హంటర్, ఫింగర్స్, ఎకర్స్‌లీ, స్టూవర్ట్, హెండర్సన్. ఫాక్స్, గ్రోవ్, సిమన్స్, కాక్రేన్‌లలో ఒక్కరూ లేరు. అయిదు టైటిళ్లను లెక్కలో చేర్చుకుని, వాటిని గెలిచిన మనుషులను వదిలేశారు. వేగాస్‌లో స్టూవర్ట్‌కూ రికీకీ అదే జరగవచ్చు.

వేగాస్_లలిత
శేషు గారి మాట మా అబ్బాయికి చదివి వినిపించాను. ఇక్కడి స్టేడియంలో వాళ్ల నంబర్లు పెడితే పక్కన ఓక్లాండ్ అని కూడా రాయాలని లీగ్‌కు ఉత్తరం రాస్తానంటున్నాడు. రవి గారూ, మీరూ సంతకం చేస్తారా?

ఫ్రీమాంట్_రవి
తప్పకుండా చేస్తాను లలిత గారూ. ఫాక్స్, గ్రోవ్‌ల పేర్ల పక్కన ఫిలడెల్ఫియా అని, సాచెల్ పేజ్ పేరు పక్కన కాన్సస్ సిటీ అని కూడా చేర్చమనండి. ముసాయిదా తయారయ్యాక ఇక్కడే పెట్టండి.